ఏటి మీద గోడ

స్నానాల పాక తలుపు తీయగానే తడి ఉన్ని వాసన మావ్రా మొహాన కొట్టింది. లోపలంతా ఆవిరి. ఆ ఆవిరిలో ఆమె చిన్నకొడుకు నికాండర్ చొక్కా విప్పేసి బల్ల మీదికి వంగి ఉన్నాడు. మరిగే నీళ్ళలోంచి అప్పుడే తీసిన ఉన్ని బూటును గుడ్డలో చుట్టి కర్రతో దొర్లిస్తున్నాడు. ముందుకు తోస్తాడు, ఒంటి బరువంతా మోపుతాడు, వెనక్కి లాగుతాడు. దొర్లించినప్పుడల్లా గుడ్డలోంచి బూడిదరంగు నీళ్ళు కారి అతని పాదాల మీద పడుతున్నాయి. పొద్దున ఉయ్యాలంత పొడుగున్న బూటు ఒత్తగా ఒత్తగా ఇప్పటికి మనిషి కాలంత అయింది.

"అట్లు తెచ్చాను. వేడి మీద తిను," అంది మావ్రా.

"అక్కడ పెట్టమ్మా. ఇప్పుడు వదిలేస్తే మడమ దగ్గర ముడత పడిపోద్ది."

ఆమె వెనకే తెరెంతీ లోపలికొచ్చి, బోర్లించిన తొట్టి మీద కూర్చుని టోపీ తీశాడు. మావ్రాకి అన్న. గోర్కా ఊళ్ళో గోడ కట్టేది ఆయనే. ఉపవాసాల ముందు పండగగా చేసుకునే వెన్నవారం ఆఖరి రోజున ఊరి మగాళ్ళని గడ్డకట్టిన ఏటి మీద భుజానికి భుజం ఆనించి నిలబెడతాడు. అవతలి ఒడ్డు జరేచ్యే ఊరివాళ్ళు కూడా అలాగే నిలబడతారు. రెండు గోడలూ ఒకదాని మీదికొకటి నడుస్తాయి. ఏ గోడ విరిగితే ఆ ఊరు ఏడాదంతా తల దించుకుని తిరగాలి.

"ఏరా, ఆదివారం నడిమధ్యన నిలబడుతున్నావా?" అన్నాడు తెరెంతీ.

"నేను రానని చెప్పాను గదా మావయ్యా."

"చెప్పావులే. పోయినేడు ఆ చోట మీ అన్న నిలబడ్డాడు. ఇప్పుడది ఖాళీగా వదిలెయ్యమంటావా? అవతలోళ్ళు ఏమంటున్నారో తెలుసా? బూట్లు పిసుక్కునేవాడికి అన్న చచ్చినా చీమ కుట్టినట్టు లేదంటున్నారు."

"అననీ."

"అననియ్యాలా?" మావ్రా అట్ల మూకుడు కిటికీ గట్టు మీద గట్టిగా పెట్టింది. "నువ్వు నడక నేర్చుకుంది వాడి వేలు పట్టుకుని. వాడు మట్టిలో ఉన్నాడు. వాణ్ణి చంపిన దెమ్యాన్ అక్కడ కూర్చుని అట్లలో మీగడ నంజుకుంటున్నాడు."

నికాండర్ గుడ్డ విప్పాడు. బూటు మడమ వేళ్ళతో లాగి చూసి, మళ్ళీ మరుగుతున్న డేగిసాలో ముంచాడు.

"గోడలో చచ్చినోడికి హంతకుడంటూ ఎవడూ ఉండడని మావయ్యే చెప్పేవాడు."

"ఒట్టి చేతులతో కొట్టుకున్నప్పుడు ఉండడు," అన్నాడు తెరెంతీ. "పడ్డవాణ్ణి కొట్టకూడదు, వెనకనించి కొట్టకూడదు, చేతితొడుగులో ఏమీ పెట్టుకోకూడదు. మా తాతల కాలంనించీ ఇదే. దెమ్యాన్ తొడుగులో ఇనుముంది."

"నువ్వు చూశావా?"

"ప్రోఖోర్ ఒట్టి పిడికిలికి చచ్చేవాడా? నువ్వే చెప్పు."

నికాండర్ కర్రతో డేగిసాలో బూటుని తిప్పాడు. అతని అన్న ప్రోఖోర్ ఎద్దులాంటి మనిషి. మావ్రా కొడుకు వంకే చూస్తూ నిలబడింది. కన్నీళ్ళు పెట్టుకోలేదు. కన్నీళ్ళు పెట్టుకుంటే వాడు జాలిపడతాడు గానీ కదలడని ఆమెకి తెలుసు. పళ్ళు బిగించి చూస్తూ ఉంది, అంతే. అలా ఏడాదినించీ చూస్తోంది.

"సరే," అన్నాడు చివరికి నికాండర్, డేగిసాలోకి చూస్తూనే. "నిలబడతాను. అమ్మ కోసం."

పెరట్లోకి వచ్చాక తెరెంతీ కోటు లోపల్నించి గుడ్డముక్క తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే విరిగిన మంచుబండి ఇనుపపట్టీ ముక్క. బొటనవేలంత పొడవు, అంచులు అరిగి నున్నగా ఉన్నాయి.

"తోలుకీ లోపలి ఉన్నికీ మధ్యన, వేళ్ళ కణుపుల మీదికి వచ్చేటట్టు కుట్టు. వాడికి చెప్పకు. మెత్తటోడు, తెలిస్తే తీసి పారేస్తాడు. ఏటి మీద ఆఖర్న నేనే తొడుగుతాను."

"దొరికితే? రెండు ఊళ్ళవాళ్ళూ కలిసి చంపేస్తారు."

"ఎలా దొరుకుతుంది? కుట్టేదానివి నువ్వు, తొడిగేవాణ్ణి నేను. మనిద్దరం ఒక తల్లి పిల్లలం."

మావ్రా దాన్ని గుడ్డతో సహా రొమ్ముల మధ్య దోపుకుంది. చాలాసేపు చల్లగానే ఉంది.

మర్నాడు శుక్రవారం ఆమె, పెద్దకోడలు ఖరితీన కావళ్ళు భుజాన వేసుకుని నీళ్ళకి దిగారు. ఏటి మధ్యన మంచు పగలగొట్టి చేసిన చెలమ ఒకటే. రెండు ఒడ్లవాళ్ళూ అక్కడే ముంచుకుంటారు. ఒక ఆడమనిషి అప్పటికే అక్కడ వంగి ఉంది. దగ్గరికి పోయాక గాని ఎవరో తెలియలేదు. దెమ్యాన్ పెళ్ళాం అన్ఫీసా.

అన్ఫీసా లేచి నిలబడి, నిండిన బకెట్టును పక్కకి జరిపింది. "ఇంకొక్క బకెట్టు, మావ్రా పిన్నీ. నింపుకుని పోతాను."

మావ్రా కాలితో తన్నింది. నిండు బకెట్టు మంచు మీద దొర్లి, నీళ్ళు అన్ఫీసా గౌను అంచు మీద పడి అక్కడికక్కడే బిరుసెక్కాయి.

"మా ఏట్లో నీకేం పని?"

"ఏరు మీదెప్పుడైంది?" అన్ఫీసా గొంతు లేవలేదు. "కోతలయ్యాక మా గడ్డివామి తగలబడింది. ఎవరు తగలబెట్టారో మాకు తెలుసు, ఊరుకున్నాం. గుర్రం వెనకకాలి నరం కోసేశారు. మా ఆయన దాన్ని తన చేత్తోనే చంపుకుని, చర్మం ఒలుచుకుని, మాటైనా అనలేదు. ఇంకా ఏం చెయ్యాలి పిన్నీ మేము?"

"నీ మొగుడు చావాలి."

"ఆయన దెబ్బకి మీవాడు చావలేదు."

"నోర్ముయ్."

"మా ఒడ్డువాళ్ళంతా చూశారు. ఈయన చెయ్యి ఇంకా లేవనే లేదు. మీవాడు ముందుకొచ్చి ఈయన ఛాతీ మీద బోర్లా పడ్డాడు. పట్టుకుని కింద పడుకోబెట్టింది ఈయనే. ఇది చెప్పడానికి మీ ఊరొస్తే కుక్కల్ని వదిలారు."

కావడి బద్ద మావ్రా భుజం మీంచి చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. మొదటి దెబ్బ అన్ఫీసా మెడకీ భుజానికీ మధ్యన పడింది. రెండోది మొహం మీద. ముక్కులోంచి రక్తం బుడబుడా వచ్చి, మంచు మీద పడ్డచోట చిన్న చిన్న గుంటలు చేసింది. మూడోసారి ఎత్తిన బద్దను వెనకనించి ఖరితీన పట్టుకుని వేలాడింది.

"చాలత్తా. చంపేస్తారా ఏంటి?"

అన్ఫీసా తిరిగి చెయ్యెత్తలేదు. పిడికెడు మంచు తీసి ముక్కుకి అదుముకుని, దొర్లిన బకెట్టు ఎత్తి, రెండోదాన్ని మాత్రం ముంచుకుని, ఆ ఒక్క బకెట్టు నీళ్ళతోనే అవతలి ఒడ్డుకి నడిచింది. కావడి ఒక పక్కకి ఒరిగిపోతుంటే ఖాళీ వైపు చేత్తో అదిమిపట్టుకుని పోయింది.

"అట్లా చూస్తావేంటి? ముంచు నీళ్ళు," అంది మావ్రా కోడలితో. ఆయాసంతో ఆమె ఛాతీ ఎగసిపడుతోంది. రొమ్ముల మధ్య ఇనుపముక్క ఎముకకి ఒత్తుకుని నొప్పి పెడుతోంది.

శనివారం మధ్యాహ్నానికి నికాండర్ బూట్లన్నీ పొయ్యిలో ఆరబెట్టి, పాక కడిగిచ్చాడు. ఆడవాళ్ళు స్నానానికి పోయారు. రాళ్ళ మీద నీళ్ళు చల్లితే ఆవిరి బుస్సుమని లేచింది. ఖరితీన ఆకులున్న భూర్జకొమ్మల కట్ట వేడినీళ్ళలో ముంచి, ఆవిరి ఒంటికి పట్టేలా అత్త వీపు మీద కొడుతోంది. మెల్లిగా, సమంగా, నడుంనించి భుజాల దాకా.

"అత్తా," అంది ఉన్నట్టుండి. చెయ్యి ఆపలేదు. "ఆయన శవాన్ని కడిగినప్పుడు తల పట్టుకుంది నేను. నీళ్ళు పోసింది మీరు."

మావ్రా బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

"దెబ్బ కుడిచెవి వెనకాల ఉంది. ముందువైపు గీత కూడా లేదు. జుట్టు మీరే దువ్వి కప్పేశారు."

"పడ్డప్పుడు మంచుకి కొట్టుకుంది."

"బోర్లా పడ్డవాడికి వెనకాలా?" కొమ్మలు ఆగిపోయాయి. "దెమ్యాన్ ఎదురుగా ఉన్నాడు. ఆయన వెనక నిలబడి గోడ నడిపించింది ఒక్కడే గదత్తా."

మావ్రా లేచింది. చేతికందిన చెక్క గరిటెతో కోడలి మొహం మీద కొట్టింది. తగలడం తగలడమే పెదవి చిట్లింది. మళ్ళీ కొట్టింది. ఖరితీన చేతులు అడ్డం పెట్టుకోలేదు. తడిగోడకి వీపు ఆనించి నగ్నంగా, నిటారుగా నిలబడింది. గడ్డం మీంచి రక్తం రొమ్ము మీదికి కారుతుంటే చెంబుతో నీళ్ళు పోసుకుంది.

"కొట్టండి. ఏడాదినించీ నోరు మూసుకునే ఉన్నాను. ఈ కొంప కాకపోతే నాకెక్కడుంది చోటు? కానీ రేపు అక్కడికి పోయేది మీకు మిగిలిన ఒక్క కొడుకు. వాడి వెనక కూడా మీ అన్నే నిలబడతాడు."

ఇంటికొచ్చాక మావ్రా కిటికీ దగ్గర, వెలుతురు పోకముందే, తొడుగులు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ప్రోఖోర్ తొడుగులే అవి. అరచేతుల దగ్గర తోలు నల్లబడి మెరుస్తోంది. కుడి తొడుగు కుట్టు ఊడదీసి, ఉన్ని పొర ఎత్తి, ఇనుపముక్క లోపల పెట్టింది. కణుపుల మీదికి సరిగ్గా వచ్చేలా బొటనవేలితో జరిపింది. జరుపుతూ జరుపుతూ వేలు ఆగిపోయింది.

ఈ పొడవు ఆమెకి తెలుసు. తడిజుట్టు పాయ తీసి దువ్వినప్పుడు అదే బొటనవేలు కొడుకు చెవి వెనకాల ఇంత మేర లోపలికి దిగింది. నున్నటి అంచు, సన్నటి గుంట.

చిన్నప్పుడు తెరెంతీ ఆమెని చంకనెత్తుకుని తిప్పాడు. ఆమె మొగుడు చనిపోయిన ఏడాది పొలం దున్నిపెట్టాడు. అది ఆయన చెయ్యే అయితే, ఏటి అవతల ద్వేషించడానికి ఆమెకి ఎవరూ మిగలరు. ఆ గడ్డివామి, ఆ గుర్రం, నిన్న మంచు మీద పడ్డ ఆ రక్తం, వీటన్నిటికీ అప్పుడు ఏం పేరు పెట్టాలి? ఏడాదిగా పొద్దున్నే ఆమెని మంచం మీంచి లేపి నిలబెడుతున్నది ఆ పగ ఒక్కటే.

సూదిలోకి దారం ఎక్కించింది. చిన్న చిన్న కుట్లు వేసింది. ఉన్ని పొర మూసి, ముడివేసి, దారం పళ్ళతో కొరికేసింది.

ఆదివారం రెండు ఒడ్లూ జనంతో నల్లబడ్డాయి. పిల్లకాయల కొట్లాట అయిపోయింది, కుర్రాళ్ళది అయిపోయింది. అక్కడక్కడా మంచు మీద ఎర్రటి మచ్చలు, ఊడిన టోపీలు. సారా సీసాలు చేతులు మారుతున్నాయి. ఇప్పుడు పెద్దవాళ్ళు దిగారు. గోర్కావాళ్ళు ఇటు, జరేచ్యేవాళ్ళు అటు.

మావ్రా ఒడ్డున ముందువరసలో నిలబడింది. పక్కన ఖరితీన, వాచిన పెదవి శాలువాలో దాచుకుని. నడిమధ్యన నికాండర్ పొడుగ్గా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. తెరెంతీ వరస వెనకాల నడుస్తూ ఒక్కొక్కడి భుజమూ సర్దుతూ వచ్చి, మేనల్లుడి దగ్గర ఆగి, తొడుగులు ఒకదాని తర్వాత ఒకటి తనే తొడిగాడు. మణికట్టు దగ్గర తాడు బిగించి కట్టాడు. ఎదుటి వరసలో, సరిగ్గా ఎదురుగా దెమ్యాన్ ఉన్నాడు. తారు కాచే మనిషి, మెడ దాకా మసి దిగబడిపోయి ఉంటుంది.

"దేవుడి పేరు తలుచుకుని నడవండి," అన్నాడు తెరెంతీ.

గోడలు కదిలాయి. మొదట అడుగుల చప్పుడు ఒక్కటే వినబడింది. తర్వాత రెండు వరసలూ గుద్దుకున్నచోట కట్టెలు విరిగినట్టు చప్పుడైంది. ఊపిర్లు పొగలా లేచాయి. తిట్లు లేవు, కేకలు లేవు, ముక్కుల్లోంచి గాలి, పిడికిళ్ళు మాంసం మీద పడే చప్పుడు. ఒకడు మోకాళ్ళ మీద పడ్డాడు. వాణ్ణి దాటుకుని నడిచారు. ఇంకొకడు పళ్ళు ఉమ్ముకుంటూ పక్కకి పోయి కూర్చున్నాడు.

నికాండర్ కొట్టడంలేదు. మోచేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు, దెబ్బలు తింటున్నాడు, నిలబడ్డాడు. దెమ్యాన్ పక్కవాడు, పసుపుపచ్చ గడ్డం ఉన్న ఒక దిట్టమైన మనిషి, అతని డొక్కలో ఒకటి, మొహం మీద ఒకటి ఇచ్చాడు. అప్పుడు అతని కుడిచెయ్యి దానంతటదే లేచింది. గట్టిగా కూడా కొట్టలేదు. పచ్చగడ్డంవాడి దవడ ఒక పక్కకి జరిగిపోయింది. వాడు నోరు తెరిచే ఉంచి, చప్పుడు లేకుండా వెనక్కి పడ్డాడు. కాళ్ళు రెండుసార్లు కొట్టుకున్నాయి.

నికాండర్ తన చేతి వంక చూసుకున్నాడు. చెయ్యి కాస్త పైకీ కిందికీ ఆడించాడు, బరువు చూస్తున్నట్టు.

"ఇప్పుడు," అని వెనకనించి తెరెంతీ గొంతు. "దెమ్యాన్ ఎదురుగా ఉన్నాడు. ఇప్పుడే."

దెమ్యాన్ చేతులు దించి ఉన్నాడు. పడ్డ తనవాడి వంక చూసి, నికాండర్ వంక చూశాడు. "కొట్టు మరి," అన్నాడు. "నేను కదలను. నీ అన్నని నా చేతుల్తో పడుకోబెట్టాను. ఇంక మీ ఊరికి ఏం కావాలో ఇచ్చేస్తాను."

నికాండర్ పళ్ళతో తాడు విప్పుకున్నాడు. తొడుగు లాగి, లోపలి ఉన్ని పట్టుకుని చించాడు. దారం తెగిన చప్పుడు ఒడ్డుదాకా వినబడ్డట్టు అనిపించింది మావ్రాకి. ఇనుపముక్క మంచు మీద పడి గింగిరాలు తిరిగింది. అతను చిరిగిన పొర వంక, అందులో మిగిలిన చిన్న చిన్న కుట్ల వంక ఒక్క క్షణం చూశాడు. ఆ తర్వాత తలెత్తి ఒడ్డు మీద తల్లిని వెతికి చూశాడు.

రెండు గోడలూ ఆగిపోయాయి.

"ఇది మావయ్య తొడిగాడు నాకు," అన్నాడు నికాండర్ అందరికీ వినబడేలా. "దీంట్లో ఏముందో నాకు తెలియదు. పోయినేడు మా అన్న వెనకాల నిలబడింది కూడా మావయ్యే. ఇదే ఇనుము అప్పుడూ ఉందనుకుంటాను."

తెరెంతీ మొహం పాలిపోయింది. అయినా గొంతు వణకలేదు. "ఇనుము ఎవడి తొడుగులోంచి రాలింది? నా తొడుగులోంచా? ఆ తొడుగులు కుట్టింది మా చెల్లెలు. అక్కడే ఉంది, అడగండి. నేనేమన్నా ఇచ్చానా మావ్రా?"

ఏటి మీద జనమంతా ఆమె వైపు తిరిగారు. గోర్కావాళ్ళూ జరేచ్యేవాళ్ళూ. నెత్తురు కారుతున్న మొహాలు, పొగలు కక్కుతున్న నోళ్ళు. అన్న ఆమె వంక చూస్తున్నాడు. అవునంటే వీళ్ళు ఈ మనిషిని తన కళ్ళముందే ముక్కలు చేస్తారు. ఆమె నోరు తెరిచింది. నాలిక అంగిలికి అంటుకుపోయింది. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు, అంతే, ఆమె మాట్లాడలేదు.

ఆ ఊపిరి చాలింది వాళ్ళకి.

మొదటి దెబ్బ ఎవడు వేశాడో తెలియదు. రెండు గోడలూ కలిసి ఒకే గుంపయ్యాయి. నికాండర్ ఒకసారి మోకాళ్ళ మీద లేవబోయాడు, అంతే, తర్వాత అతను కనబడలేదు. వంగిన వీపులు, లేస్తున్న బూట్లు. అతను ఒత్తి చేసిన ఉన్నిబూట్లే సగంమందికి. పడ్డవాణ్ణి కొట్టకూడదన్నది ఎవరికీ గుర్తు లేదు. ఎవడో మడమతో చెయ్యి మీద తొక్కి తిప్పాడు.

"నేనే కుట్టాను," అంటూ మావ్రా ఒడ్డు మీంచి దొర్లుకుంటూ దిగింది. "నేను కుట్టాను, మా అన్న ఇచ్చాడు, వాడికి తెలియదు, నా బిడ్డకి తెలియదు." ఎవరికీ వినబడలేదు. వీపుల మీద గుద్దింది, గోళ్ళతో రక్కింది. ఎవడో మోచేత్తో తోస్తే వెల్లకిలా పడింది. ఖరితీన ఒకడి గడ్డం పట్టుకుని వేలాడుతోంది.

గుంపులోకి చొరబడి, ఒక్కొక్కణ్ణీ మెడ పట్టి లాగి విసిరేసినవాడు దెమ్యాన్. తన ఊరివాళ్ళని, ఈ ఊరివాళ్ళని, చేతికి దొరికినవాణ్ణల్లా. చివరికి నికాండర్ మీద బోర్లా పడుకున్నాడు. కాసేపు బూట్లు ఆయన వీపు మీద పడ్డాయి. తర్వాత ఒకటొకటిగా ఆగిపోయాయి. తెరెంతీ అప్పటికి అక్కడ లేడు.

సాయంత్రం చర్చి గంటలు మోగాయి. ఆ రాత్రి దాటితే ఉపవాసాలు. ఉపవాసాల్లోకి అడుగుపెట్టేముందు ఇంటింటికీ పోయి ఒకరినొకరు క్షమాపణ అడగాలి. ఎప్పుడూ ఉన్నదే.

నికాండర్ కిటికీ కింద బల్ల మీద ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పక్కటెముకలు గుడ్డతో బిగించి కట్టారు. కుడిచేతి వేళ్ళు మూడు ఏ దిక్కుకి ఆ దిక్కు తిరిగి ఉంటే ఖరితీన సరిచేసి, చెక్కపేళ్ళు పెట్టి కట్టింది. ఆ చెయ్యి ఇంక ఉన్ని ఒత్తదని ముగ్గురికీ తెలుసు.

"కుట్టింది నేనే," అంది మావ్రా అతని తలదగ్గర కూర్చుని.

"నీ కుట్టు నాకు తెలియదా అమ్మా," అన్నాడు నికాండర్. వాచిన పెదవుల మధ్యనించి మాట నలిగి వచ్చింది.

తలుపు తీసుకుని పొరుగువాళ్ళు రావడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఏటి మీద ఉన్నవాళ్ళే. టోపీలు చంకలో పెట్టుకుని, బూట్లకి అంటిన మంచు గుమ్మంలో దులుపుకుని, నడుము దాకా వంగి, "నన్ను క్షమించు నికాండర్, క్రీస్తు పేరు మీద," అన్నారు. ఎవరి గొంతులోనూ తడబాటు లేదు. ఏటేటా అన్నట్టే అన్నారు. నికాండర్ ప్రతివాడికీ, "దేవుడు క్షమిస్తాడు, నన్నూ క్షమించు," అన్నాడు. మూడోవాడికో నాలుగోవాడికో ఊపిరి అందక ఆగిపోతే, ఆ మనిషి వంగే ఉండి ఓపిగ్గా కాచుకున్నాడు.

మావ్రా ఆ బూట్లని చూస్తోంది. మడమలు చూస్తోంది.

తెరెంతీ అందరికంటే ఆఖర్న వచ్చాడు. ఇంకా నలుగురైదుగురు వాకిట్లో ఉన్నారు. ఆయన నేరుగా చెల్లెలి ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించాడు. నడినెత్తిన జుట్టు పల్చబడి ఉంది.

"నన్ను క్షమించు మావ్రా, క్రీస్తు పేరు మీద."

మావ్రా నోట మాట రాలేదు. ఈసారి అది నాలిక అంటుకుపోయి కాదు. వాకిట్లో మాటలు ఆగిపోయాయి. ఈ మాట అడిగితే జవాబు చెప్పకుండా ఉన్న మనిషిని ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"ప్రోఖోర్‌ని కొట్టింది నువ్వేనా?" అని అడిగింది.

తెరెంతీ నేలకి ఆనించిన తల ఎత్తలేదు. "దెమ్యాన్ మీదికి చెయ్యి విసిరాను, తొడుగులో ఆ ఇనుముంది. పిల్లాడి భుజం మీంచి. వాడు అటు జరిగాడు. ప్రోఖోర్ ఇటు జరిగాడు."

"ఏడాదినించీ చెప్పలేదు."

"పోయినేడు కూడా ఈ పూటే వచ్చాను మావ్రా నీ దగ్గరికి. చచ్చిన పిల్లాడు ఆ బల్ల మీదే ఉన్నాడు. ఇట్లాగే మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమన్నాను. దేవుడు క్షమిస్తాడు అన్నావు నువ్వు." ఆయన నుదురు నేలకి ఇంకా గట్టిగా ఒత్తుకున్నాడు. "దాంతో అయిపోయిందనుకున్నాను."

మావ్రా లేచింది. మేకుకున్న శాలువా తీసి తలమీంచి చుట్టుకుంది. అన్న ఇంకా నేల మీదే ఉన్నాడు. ఆయన పక్కనించి, గౌను అంచు ఆయనకి తగలకుండా చేత్తో పట్టుకుని దాటింది.

"ఎక్కడికత్తా?" అంది ఖరితీన.

"వీడికి పాలు కాచి పట్టు. ఈయన ఉంటే ఉండనీ, పోతే పోనీ."

వాకిట్లో మనుషులు దారి ఇచ్చారు. ఆమె వీధి దిగి, ఒడ్డు దిగి, ఏటి మీద నడిచింది. తొక్కిడికి మంచు నలిగి గరుకుగా ఉంది. ఒక చోట ఎవడిదో తొడుగు బిరుసెక్కి పడి ఉంది. ఎవరో ఆమెని వెనకనించి పిలిచారు. ఆమె తిరగలేదు. చెలమ పక్కనించి పోయి, జరేచ్యే ఒడ్డెక్కింది. ఆ ఊళ్ళో కుక్కలు మొరిగాయి. దెమ్యాన్ ఇల్లు ఏదో ఆమె ఎవరినీ అడగాల్సిన పని లేదు. కాలిన గడ్డివామి నల్లటి గుంజలు పెరట్లో అలాగే నిలబడి ఉన్నాయి.

తలుపు తట్టి, తలుపు తీసేలోపలే మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుంది.

అన్ఫీసా తలుపు తీసింది. ముక్కు మొహమంతా పాకి వాచి ఉంది, కళ్ళకింద నల్లగా కమిలింది. చేతిలో తడిగుడ్డ ఉంది, మొగుడి వీపుకి వేస్తున్నదేమో. మావ్రా నుదురు గడపకి ఆనించింది.

"నన్ను క్షమించు అన్ఫీసా, క్రీస్తు పేరు మీద."

తలుపులోంచి వెచ్చటి గాలి, తారు వాసన, ఉడికిన కాబేజీ వాసన వచ్చాయి. మావ్రా తల ఎత్తలేదు. ఎదురుగా అన్ఫీసా పాదాలు, ఊలు మేజోళ్ళు, ఒకదానికి బొటనవేలి దగ్గర కుట్టు.

"ఎవరే అది?" లోపల్నించి దెమ్యాన్ నీరసంగా అడిగాడు.

"ఎవరూ లేరు," అంది అన్ఫీసా.

తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు మాత్రం రాలేదు. మావ్రా దానికోసం కాసేపు చెవి పెట్టి విన్నది. అది పడలేదు. ఆమె శాలువా అంచు మోకాళ్ళ కిందికి మడిచి పెట్టుకుని, అక్కడే ఉండిపోయింది.